సెమినార్ పేపర్: జిల్లా కాలేజీ నుంచి యూనివర్సిటీకి వచ్చినవాళ్లకు ఎవరూ చెప్పని పాఠం

అంబేడ్కర్ రాసిన 'భారతదేశంలో కులాలు' మనలో చాలామందికి చిన్న పుస్తకంగానే తెలుసు. ఏప్రిల్ 14న స్టాళ్లలో పెట్టి అమ్ముతాం, స్టడీ సర్కిళ్లలో చదువుకుంటాం. కానీ అది పుస్తకంగా పుట్టలేదు. 1916 మే 9న న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో, ఆంత్రపాలజీ అధ్యాపకుడు అలెగ్జాండర్ గోల్డెన్‌వైజర్ నడిపిన సెమినార్లో ఒక విద్యార్థి చదివిన పేపర్ అది. అప్పటికి అంబేడ్కర్ వయసు పాతికేళ్లు. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో బీఏ చేసి, బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో 1913లో అక్కడికి వెళ్లారు. మరుసటి ఏడాది మేలో ఆ పేపర్ 'ఇండియన్ యాంటిక్వరీ' పత్రికలో అచ్చయింది. మహారాష్ట్ర ప్రభుత్వం 1979లో తెచ్చిన అంబేడ్కర్ రచనలు, ప్రసంగాల మొదటి సంపుటం ఈ పేపర్‌తోనే మొదలవుతుంది.

ఈ సంగతి ఎందుకు ఎత్తుతున్నామంటే, ఏటా మన ఊళ్ల నుంచి యూనివర్సిటీలకు వెళ్లే పిల్లలకు మొదటి సెమిస్టర్లో తగిలే దెబ్బ సరిగ్గా ఇక్కడే ఉంది. 'సెమినార్ పేపర్ ఇవ్వండి, మూడు వేల పదాలు, రిఫరెన్సులతో' అని చెప్పి సార్ వెళ్లిపోతారు. అంటే ఏమిటో ఆ గదిలో కొందరికి తెలుసు. వాళ్లు పెద్ద నగరాల్లో పేరున్న కాలేజీల్లో మూడేళ్లు అదే పని చేసి వచ్చారు. మిగతావాళ్లకు తెలియదు, తెలియదని చెప్పడానికి నోరు రాదు. మార్కులు వచ్చాక 'నాకు ఇంగ్లీషు రాదు, నాకు బుర్ర లేదు' అనుకుంటారు. ఇంగ్లీషు సమస్య ఉంది, కాదనం. కానీ అసలు చిక్కు వేరే ఉంది. అకడమిక్ రైటింగ్ అనేది వడ్రంగం లాంటి పని. దానికి కొలతలున్నాయి, పనిముట్లున్నాయి. అవి ఎవరో ఒకరు చూపించాలి. చూపించకుండా మార్కులు వేయడం అన్యాయమని, చూపించడం యూనివర్సిటీ బాధ్యతని మేము అనుకుంటున్నాం. ఆ కొలతలేమిటో, వాటిని నేర్పమని మరోచోట విద్యార్థులు ఎలా పోరాడారో, ఇక్కడ ఏం అడగొచ్చో ఈ వ్యాసంలో చెబుతాం.

అమెరికాలో 'ట్రాన్స్‌ఫర్ స్టూడెంట్' అనే మాటకు స్థిరమైన అర్థం ఉంది. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి, ఆ క్రెడిట్లతో యూనివర్సిటీలో మూడో ఏడాదిలో చేరేవాళ్లు ప్రధానంగా ఈ కోవలోకి వస్తారు. ఫీజు తక్కువ, ఇంటి దగ్గరే ఉండొచ్చు, పని చేసుకుంటూ చదవొచ్చు కాబట్టి పేద కుటుంబాల పిల్లలు, వలస వచ్చినవాళ్ల పిల్లలు చాలామంది ఈ దారి పడతారు. యూనివర్సిటీలో చేరిన మొదట్లో వాళ్ల మార్కులు పడిపోవడాన్ని జాన్ హిల్స్ అనే పరిశోధకుడు 1965లో 'ట్రాన్స్‌ఫర్ షాక్' అన్నాడు. అందుకే అక్కడ చాలా యూనివర్సిటీలు వీళ్ల కోసం మొదటి టర్మ్‌లోనే ఒక సెమినార్ కోర్సో, రైటింగ్ కోర్సో పెడతాయి.

మన దగ్గర ఆ పేరు వాడరు గానీ ఆ విద్యార్థులు ఉన్నారు. పాలిటెక్నిక్ చేసి ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరేవాళ్లు అచ్చంగా ట్రాన్స్‌ఫర్ విద్యార్థులే. మొదటి ఏడాదిలో ఉండే ఇంగ్లీషు క్లాసు, కమ్యూనికేషన్ ల్యాబు వీళ్లకు దక్కవు. నేరుగా మూడో సెమిస్టర్లో దిగుతారు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో తెలుగు మీడియంలో చదివి, ఎంట్రన్స్ రాసి సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏకి వెళ్లేవాళ్లు ఇంకో రకం. 2021లో యూజీసీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ పెట్టాక ఒక చోట సంపాదించిన క్రెడిట్లను ఇంకో చోటికి తీసుకెళ్లే వీలు కూడా వచ్చింది. క్రెడిట్లు కంప్యూటర్లో కదులుతాయి, రాసే అలవాటు అలా కదలదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియం చేశారు. దాంతో ఈ సమస్య తీరిపోయిందనుకునేవాళ్లకు ఒక్క మాట: పరీక్ష మీడియం మారింది, పరీక్ష తీరు మారలేదు.

పరీక్ష జవాబు వేరు, పేపర్ వేరు

మన డిగ్రీ కాలేజీల్లో రాత అంటే పరీక్ష రాతే. సైడ్ హెడ్డింగులు, వాటి కింద స్కేలుతో గీత, అడిషనల్ షీట్లు. చదివేది చాలాసార్లు టెక్స్ట్‌బుక్ కూడా కాదు, గైడు. ఆ గైడులోనూ ఇంపార్టెంట్ క్వశ్చన్లే. ఈ చదువుని తీసిపారేయడం మాకు ఇష్టం లేదు. విషయాన్ని పాయింట్లుగా విడదీయడం, టైములోపల ముగించడం అక్కడే వస్తాయి. గ్రూప్స్ రాసేటప్పుడు అవే అక్కరకొస్తాయి. కానీ ఆ రాతలో ప్రశ్న వేసేది ఎప్పుడూ ఇంకొకరు. జవాబు కూడా ముందే తయారై ఉంటుంది, దాన్ని చేరవేయడమే మన పని.

సెమినార్ పేపర్లో ప్రశ్న మీరే వేసుకోవాలి. 'గ్రామాల్లో కుల వివక్ష' అనేది ప్రశ్న కాదు. అది పెద్ద ఊరి పేరు చెప్పి అక్కడికి రమ్మన్నట్టుంటుంది, ఏ వీధికి వెళ్లాలో తెలియదు. 'మా మండలంలో మధ్యాహ్న భోజనం వండే పని దళిత మహిళలకు ఇచ్చిన బళ్లలో, తినే పిల్లల సంఖ్య మిగతా బళ్ల కన్నా తగ్గిందా? తగ్గితే ఏ కులాల పిల్లల్లో?' అనేది ప్రశ్న. దానికి రిజిస్టర్లు చూడొచ్చు, వంట చేసే అక్కలతో మాట్లాడొచ్చు, ఇంతకుముందు ఎవరేం రాశారో వెతకొచ్చు. చివరికి అవునని, కాదని, లేదా ఇంతవరకే అవునని చెప్పొచ్చు. ఆ జవాబు రెండు వాక్యాల్లో చెప్పేలా ఉండాలి, అదీ మొదటి పేజీలోనే. పరీక్ష అలవాటు మన చేత దాన్ని చివర 'ముగింపు' కింద దాచిపెట్టిస్తుంది. సస్పెన్స్ సినిమాకి బాగుంటుంది, పేపర్లో చదివేవాళ్లకి విసుగు.

ఇంకో అలవాటు కూడా వదిలించుకోవాలి. ఉపోద్ఘాతం పేరుతో వేదకాలం నుంచి మొదలుపెట్టడం. మధ్యాహ్న భోజనం మీద పేపర్‌కి ఆర్యుల రాకతో పని లేదు.

ఆ పేపర్ కట్టుబడి

ఇది ఎలా చేస్తారో చూడాలంటే 1916 పేపర్‌నే ముందు పెట్టుకుందాం. ఈసారి అందులో ఏం చెప్పారన్నదాని కన్నా ఎలా చెప్పారన్నది చూడండి.

కులం అంటే ఏమిటో అప్పటికే చెప్పిన నలుగురిని అంబేడ్కర్ మొదట తీసుకుంటారు: ఫ్రెంచి పండితుడు సెనార్, బ్రిటిష్ అధికారులు నెస్ఫీల్డ్, రిజ్లీ, మన దేశస్తుడు కేత్కర్. వాళ్ల పేర్లు చెప్పి వదిలేయలేదు. ఎవరి నిర్వచనం ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ జారుతుందో ఒక్కొక్కటిగా చూపిస్తారు. మైల అనేది కులానికి మూల లక్షణమన్న సెనార్ మాటను ఆయన ఒప్పుకోరు. పైనున్నది పురోహిత కులం కాబట్టి మైల దానితో పాటు అంటుకొచ్చింది గానీ అదే కులం కాదంటారు. బయటివాళ్లతో కలిసి తినకపోవడం అన్న నెస్ఫీల్డ్ మాట ఫలితాన్ని కారణంగా పొరబడటమంటారు. కేత్కర్ అందరికన్నా దగ్గరగా వచ్చాడని మెచ్చుకుంటారు. మెచ్చుకుంటూనే, అతను చెప్పిన రెండు లక్షణాలు, అంటే పుట్టుకతోనే సభ్యత్వం రావడం, బయట పెళ్లి నిషేధం, నిజానికి ఒకే నాణేనికి రెండు వైపులని చూపిస్తారు. రిఫరెన్సులు దేనికంటే దీనికి. మన మాట నిలబడటానికి నేల చదును చేసుకోవడానికి.

ఆ తర్వాత తన మాట చెబుతారు. కులానికి ప్రాణం లోపలి పెళ్లి. చెప్పి ఊరుకోరు, దాని నుంచి వచ్చే చిక్కును తానే బయటికి తీస్తారు. కులంలోపలే పెళ్లిళ్లు జరగాలంటే పెళ్లీడు ఆడవాళ్లూ మగవాళ్లూ సమానంగా ఉండాలి. భర్త పోతే ఒక స్త్రీ, భార్య పోతే ఒక పురుషుడు లెక్కకి ఎక్కువవుతారు. వాళ్లు గీత దాటకుండా ఏం చేశారు? సతి, నిర్బంధ వైధవ్యం, బాల్యవివాహం అనే మూడు ఆచారాలకూ ఆ లెక్కలోనే జవాబు దొరుకుతుంది. విడివిడిగా కనిపించిన విషయాలు ఒక్క వాదనతో ముడిపడిపోతాయి. మిగతా సమాజానికి ఇది ఎలా పాకిందన్న ప్రశ్నకు గాబ్రియెల్ టార్డ్ అనే ఫ్రెంచి సామాజికవేత్త చెప్పిన అనుకరణ సూత్రాలను తెచ్చుకుంటారు. చివర్లో తన పరిధి ఎంతో చెప్పి, ఈ సిద్ధాంతం నిలవదని ఎవరైనా చూపిస్తే వదులుకోడానికి సిద్ధమంటారు.

ఎంఏ మొదటి ఏడాది విద్యార్థులు ఈ పేపర్‌ను పెన్సిలు పట్టుకుని, ఒక్కో పేరా పక్కన 'ఇక్కడ ఏం పని జరుగుతోంది' అని రాసుకుంటూ చదివితే, మార్కెట్లో దొరికే రైటింగ్ గైడ్లు చాలావాటితో పనుండదు.

ఆయన రాసిందంతా ఒక్క దెబ్బకే ఆమోదం పొందలేదన్నది కూడా గుర్తుంచుకోండి. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో రూపాయి సమస్య మీద ఇచ్చిన డీఎస్సీ థీసిస్‌ను 1923లో పరిశీలకులు సవరించమన్నారు. ఆయన తిరిగి రాసి ఇచ్చారు, అదే ఏడాది ఆమోదించారు. డ్రాఫ్టు మీద ఎర్ర గీతలు పడితే అవమానంగా భావించి హాస్టల్ గదిలో తలుపేసుకునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఇది చెప్పాలి.

ఎవరి మాట, ఎక్కడి మాట

మన పిల్లలు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడ. ఇంగ్లీషు వ్యాసం ఒకటి చదువుతారు, కష్టంగా ఉంటుంది. తమ ఇంగ్లీషు మీద నమ్మకం లేక, ఆ వాక్యాల్లో రెండు మూడు పదాలు మార్చి అతికిస్తారు. దొంగతనం చేద్దామని కాదు, తప్పు రాయకూడదన్న భయంతో. కానీ సాఫ్ట్‌వేర్‌కి భయమూ దొంగతనమూ ఒకేలా కనిపిస్తాయి.

దీనికి మాకు తెలిసిన మందు తెలుగే. పేజీ చదవండి, మూసేయండి, అందులో ఏముందో పక్కనున్న స్నేహితుడికి తెలుగులో చెప్పండి. చెప్పలేకపోతే అర్థం కాలేదని, మళ్లీ చదవాలి. చెప్పగలిగితే, ఆ చెప్పిన మాటను మీ ఇంగ్లీషులో రాయండి, రచయిత పేరు, సంవత్సరం, పేజీ నంబరు పెట్టండి. వాక్యం ముతకగా ఉన్నా పర్లేదు, మీది. నోట్సు రాసేటప్పుడే పేజీని నిలువుగా గీసి ఎడమ పక్క 'వాళ్ల మాట', కుడి పక్క 'నా మాట' అని పెట్టుకుంటే, చివరి రాత్రి ఏది ఎవరిదో తెలియని గందరగోళం ఉండదు. ఏఐ టూల్స్‌తో రాయించుకోవడం గురించి చాలామంది అడుగుతున్నారు. అవి లేని పుస్తకాలకు కూడా పేర్లు, పేజీ నంబర్లు పుట్టిస్తాయి, వాటిని మీ పేరు మీద సమర్పించాక జవాబు చెప్పాల్సింది మీరే.

నిబంధనలు తెలుసుకోవడం మంచిది. యూజీసీ 2018లో ప్లేజరిజం మీద రెగ్యులేషన్లు తెచ్చింది. థీసిస్, డిసర్టేషన్లలో పోలికలు 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం మధ్య ఉంటే ఆరు నెలల్లోపు సరిచేసి ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాదిపాటు సమర్పించడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. సెమినార్ పేపర్లకూ ఈ లెక్క వాడే డిపార్ట్‌మెంట్లున్నాయి. అయితే మూలం చెప్పి ఉదహరించిన భాగాలు, రిఫరెన్సుల జాబితా, చట్టాల పాఠం, వరుసగా 14 పదాల వరకు వచ్చే సాధారణ విషయాలు ఈ లెక్కలోకి రాకూడదని అదే రెగ్యులేషన్లలో ఉంది. రిపోర్టు చేతికిచ్చి 'నీది 35 శాతం' అంటే, వీటిని తీసేసి లెక్కేశారా అని అడగండి.

రిఫరెన్సు పెట్టడమంటే ఎవరి జ్ఞానాన్ని జ్ఞానంగా లెక్కపెడుతున్నామో చెప్పడం కూడా. కారంచేడు మీద, చుండూరు మీద రాసే పేపర్లో ఇంగ్లీషు జర్నళ్లు మాత్రమే కనిపిస్తే మాకు బాధేస్తుంది. 1985 జూలై తర్వాత, 1991 ఆగస్టు తర్వాత వచ్చిన తెలుగు కరపత్రాలు, నిజనిర్ధారణ నివేదికలు, పాటలు, చిన్న పత్రికలు అన్నీ మూలాలే. వాటిని తెలుగు పేరుతోనే ఇచ్చి, అనువాదం నాదని రాస్తే సరిపోతుంది. మీ పేటలో పెద్దమ్మ చెప్పిన మాట కూడా మూలమే. అనుమతి తీసుకోవాలి, తేదీ, చోటు రాసుకోవాలి, ఇబ్బంది ఉంటే పేరు మార్చాలి.

దీనికి ఆనుకునే ఇంకో వివాదం ఉంది. దళిత విద్యార్థి తన బతుకు గురించి రాస్తే 'ఇది అనుభవం, సిద్ధాంతం ఏది?' అంటారు. సిద్ధాంతం చేసేది పై కులాలు, సమాచారం మోసుకొచ్చేది దళిత బహుజనులు అన్న ఈ పని విభజన గురించి గోపాల్ గురు 2002లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాశారు, అది తప్పక చదవాలి. 1916 పేపర్లో అంబేడ్కర్ తన గురించి ఏమీ చెప్పుకోలేదు. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత రాసిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో అంతా తన అనుభవమూ, తనలాంటివాళ్ల అనుభవమూ. రెండూ ఆయన రచనలే. ఏ ప్రశ్నకు ఏ సాక్ష్యం కావాలో చూసుకుని మనం ఎంచుకోవాలి, ఇంకొకరు మనల్ని ఒక గాట కట్టేయకూడదు.

గదిలో మాట్లాడటం

సెమినార్ పద్ధతి జర్మన్ యూనివర్సిటీల్లో పుట్టి అమెరికా మీదుగా మనదాకా వచ్చింది. లెక్చర్‌లో వినాలి, సెమినార్లో అందరూ ముందే చదివి వచ్చి ఒకరు పేపర్ చెబితే మిగతావాళ్లు ప్రశ్నించాలి. మన దగ్గర తరచూ జరిగేది వేరు. నలుగురు ధారాళంగా మాట్లాడతారు, మిగతావాళ్లు తలూపుతారు, చివర్లో 'పార్టిసిపేషన్' పేరుతో మార్కులు పడతాయి. నోటి మార్కుల దగ్గర ఏం జరుగుతుందో కొత్తగా చెప్పాల్సిన పని లేదు. జేఎన్‌యూలో అబ్దుల్ నఫే కమిటీ 2016లో రాతపరీక్ష, వైవా మార్కులను పోల్చి చూసి, అణగారిన వర్గాల విద్యార్థులకు వైవాలో తేడా జరుగుతోందని చెప్పి, వైవా మార్కులను 30 నుంచి 15కి తగ్గించమంది. ఎయిమ్స్ మీద 2007లో వచ్చిన థోరట్ కమిటీ నివేదికలో, అధ్యాపకులు తమకు తగిన సమయం, సాయం ఇవ్వరని ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు చెప్పారు.

ఇది వ్యవస్థ మారాల్సిన విషయం. ఈలోగా పనికొచ్చేది ఒకటుంది. గదిలోకి వెళ్లేముందు ఒక్క ప్రశ్న కాగితం మీద రాసుకోండి, పేజీ నంబరుతో సహా. 'పదో పేజీలో రచయిత ఇలా అన్నారు, పద్నాలుగులో అలా అన్నారు, రెండూ ఎలా కుదురుతాయి?' అనే ప్రశ్నకు పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు. మొదటి పది నిమిషాల్లోనే అడిగేయండి. ఆలస్యం అయ్యేకొద్దీ నోరు పెగలదు.

నేర్పమని అడిగినవాళ్లు

అంబేడ్కర్ పేపర్ చదివిన కొలంబియాకు సుమారు రెండు కిలోమీటర్ల ఉత్తరాన, హార్లెమ్‌లో, సిటీ కాలేజీ ఉంది. నల్లజాతి బస్తీ మధ్యలో ఉన్నా, అప్పట్లో అందులో చదివేవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లే. 1969 ఏప్రిల్లో నల్లజాతి, ప్యూర్టోరికన్ విద్యార్థులు ఆ క్యాంపస్‌లో ఒక భాగాన్ని రెండు వారాలు ఆక్రమించుకున్నారు. వాళ్ల ఐదు డిమాండ్లలో ప్రవేశాల డిమాండుతో పాటు, కొత్తగా చేరే తమ పిల్లలకు ప్రత్యేక ఓరియెంటేషన్ కావాలన్నది కూడా ఒకటి. సీటు ఒక్కటే చాలదని వాళ్లకు అప్పుడే తెలుసు. 1970 నుంచి సిటీ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్ ఓపెన్ అడ్మిషన్స్ మొదలుపెట్టింది.

వేలమంది వచ్చారు. వాళ్ల రాతలు చూసి చాలామంది ప్రొఫెసర్లు వీళ్లు చదువుకి పనికిరారన్నారు. అక్కడ రైటింగ్ కార్యక్రమం నడిపిన మీనా షాగ్నెస్సీ అలా అనలేదు. 1970 నుంచి 1974 దాకా విద్యార్థులు రాసిన దాదాపు 4,000 వ్యాసాలు ముందేసుకుని, తప్పులను వర్గాలుగా విడదీసి చూసింది. ఆ తప్పుల్లో ఒక తర్కం ఉందని, ఇవి తెలివితక్కువ వల్ల కాకుండా ఈ రాతకు కొత్త కావడం వల్ల వచ్చేవని 1977లో పుస్తకం రాసింది. ఆడ్రీ లార్డ్, జూన్ జోర్డాన్, టోనీ కేడ్ బంబారా లాంటి నల్లజాతి రచయిత్రులు ఆ క్లాసులు చెప్పినవాళ్లే.

తర్వాత కథ అంత బాగోలేదు. 1976లో ఫీజులు పెట్టారు. 1999లో నాలుగేళ్ల కాలేజీల్లో రెమెడియల్ క్లాసులు ఎత్తేయాలని తీర్మానించారు. వాటితోపాటు, ఆ క్లాసులు అవసరమైన పిల్లలకు ఆ కాలేజీల దారి కూడా ఇరుకైంది. కాలిఫోర్నియా 2017లో ఏబీ 705 అనే చట్టంతో వేరే మార్గం పట్టింది. కమ్యూనిటీ కాలేజీలో చేరినవాళ్లను క్రెడిట్ లేని రెమెడియల్ క్లాసుల్లో ఏళ్లతరబడి ఆపకుండా, యూనివర్సిటీకి చెల్లే ఇంగ్లీషు కోర్సులోనే నేరుగా కూర్చోబెట్టి, కావాల్సినవాళ్లకు పక్కనే అదనపు సాయం ఇవ్వడం ఆ మార్గం.

మనకు రెమెడియల్ కోచింగ్ తెలుసు. సాయంత్రం ఐదు తర్వాత, క్రెడిట్ లేకుండా, గెస్ట్ లెక్చరర్‌తో, ఎస్సీ ఎస్టీ పిల్లలను పేరుపెట్టి పిలిచి నడిపే వ్యాకరణం క్లాసు. టెన్సులు చెబుతారు, పేపర్ ఎలా రాయాలో చెప్పరు. దాన్ని తీసేయమని మేము అనం, ఉన్నదీ పోతుంది. కానీ అడగాల్సింది వేరే కోర్సు. మొదటి సెమిస్టర్లో, క్రెడిట్‌తో, అందరికీ, డిపార్ట్‌మెంట్ అధ్యాపకులే చెప్పే కోర్సు. అందులో ఒకే పేపర్‌ను మూడుసార్లు రాయించాలి, ప్రతి డ్రాఫ్టుకీ వ్యాఖ్యలు ఇవ్వాలి, డ్రాఫ్టులకీ మార్కులుండాలి. మొదటి డ్రాఫ్టు తెలుగులో రాసే వీలుండాలి. ఈసెట్ ద్వారా వచ్చేవాళ్లకు మూడో సెమిస్టర్లో ఇలాంటిదే ఉండాలి.

అడగడానికి ఆధారం చేతిలోనే ఉంది. 2018 ప్లేజరిజం రెగ్యులేషన్లు శిక్షల దగ్గర ఆగలేదు. యూజీ, పీజీ సిలబస్‌లలో అకడమిక్ నిజాయితీ సూత్రాలను తప్పనిసరి భాగంగా చేర్చాలని, ప్రతి సెమిస్టర్లో అవగాహన కార్యక్రమాలు పెట్టాలని సంస్థలకు చెప్పాయి. 2022 పీహెచ్‌డీ రెగ్యులేషన్లు స్కాలర్లకు బోధన, రచనలో శిక్షణ ఉండాలన్నాయి. పీహెచ్‌డీ దాకా వచ్చినవాళ్లకు అవసరమైంది, ఎంఏలో అడుగుపెట్టినవాళ్లకు ముందే అవసరం. మీ డిపార్ట్‌మెంట్లో ఆ కార్యక్రమాలు ఏ తేదీల్లో జరిగాయో, ఎవరు చెప్పారో ఆర్‌టీఐ దరఖాస్తుతో అడగొచ్చు. జవాబు వచ్చాక దాన్ని జతచేసి బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు విద్యార్థుల సంతకాలతో లేఖ ఇవ్వండి, ఒక కాపీ ఎస్సీ ఎస్టీ సెల్‌కి. లేఖ రాయడంలో సాయం కావాలంటే మీ క్యాంపస్‌లో సీనియర్ స్కాలర్లను పట్టుకోండి. మొదటి సెమినార్ పేపర్‌తో వాళ్లు పడ్డ తిప్పలు వాళ్లకింకా గుర్తుండే ఉంటాయి.